పోస్టు కాని ఉత్తరం

"పెద్దదొర ముంగట చేసినోని పేరు తియ్యొద్దు, దూబేజీ. 'లెటర్ వాజ్ నాట్ పోస్టెడ్' అనాలె. ఎవరి మీదికీ రాదు," అన్నాడు లక్ష్మీరాజం మాస్టరు.

బొగ్గుగనిలో టైమ్‌కీపరుగా చేస్తూ, మాస్టరు దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్న దూబే బుద్ధిగా అదే అప్పజెప్పాడు.

గడపలో బియ్యం ఏరుతున్న మాస్టరు భార్య నర్మదకు నవ్వు ఆగలేదు. ఆమెకు ఏడో నెల.

"మా సారుకు గీ ఇంగ్లీషు మస్తు అలవాటు, భయ్యా! నన్ను తొలి కాన్పుకు తోల్కపొమ్మని హుస్నాబాదుకు, మా బాపుకు ఉత్తరం రాసి నెలాయె. అడిగితే 'ఇంక పోస్టు కాలే' అంటరు."

దూబే అమాయకంగా మాస్టరు వైపు తిరిగాడు. "మరి వెయ్యనిది ఎవరు, మాస్టర్‌జీ?"

మాస్టరు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"నేనే వెయ్యలే," అన్నాడు తల వంచుకుని. "పుట్టింటికి పోవుడు రివాజే, నాకెరుకే. గాని నర్మదా, నువ్వు పోతే అయిదు నెలలు గీ ఇంట్ల నేనెట్లుండాలె?"

చాటలో నర్మద వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ ఆయన మరిచిపోయాడనే అనుకుంది.

లేచి, ఆయన జేబులోంచి ఉత్తరం తీసి దూబే చేతిలో పెట్టింది.

"పోతపోత జర డబ్బాల వెయ్యి, భయ్యా."

అతడు వాకిలి దాటేదాకా చూసి, మాస్టరు ఎదుట కూర్చుంది.

"ఇగ గా మాట ఇంకోపారి అనుండ్రి."