పేరు పిలిచే వేళ

ఒకసారి శిక్షణ తీసుకున్నవాళ్లను మళ్లీ చేర్చుకోకూడదట. కొత్త ప్రాజెక్టుకు డబ్బిచ్చే సంస్థ షరతు అది. ఖమ్మంలో కిరాయి గదిలో ఒంటరిగా ఉంటూ శిక్షణ ప్రపోజళ్లు, పాఠాలు రాసే తుల్సీరాంకు వెంటనే ముత్తక్క గుర్తొచ్చింది. విస్తర్లు కుట్టే శిక్షణకు ఆమె మూడుసార్లు వచ్చింది. తాను రాసిన పాఠం ఎక్కడ అర్థం కాలేదో కనుక్కుందామని ములకలపల్లి బస్సెక్కాడు.

"ముత్తక్కా!" అని గుడిసె బయట నిలబడి పిలిచాడు.

"ఉన్న సారూ!"

వాకిట్లోకి వెళ్లి చూస్తే ఆమె ముందు అడ్డాకుల విస్తర్లు దొంతరగా ఉన్నాయి. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు.

"గింత మంచిగ కుడుతున్నవ్. మళ్లా మళ్లా నేర్చుకునుడు ఏంది?"

"ఇది నాకు చిన్నప్పటి సంది వచ్చు సారూ."

"మరి ఎందుకొచ్చినవ్?"

ఆమె ఆకు పక్కన పెట్టింది.

"ఆడ పొద్దుగాల హాజరు పిలుస్తరు గద. ముత్తక్కా అంటే, ఉన్న అంట. మా ఆయన పోయినంక ఇంట్ల నా పేరు పిలిచేటోళ్లే లేరు."



సాయంత్రానికి తుల్సీరాం ఖమ్మం చేరి, గది తాళం తీసి, ప్రపోజల్ ముందేసుకున్నాడు. మళ్లీ చేర్చుకోకూడదన్న షరతును అందులోంచి కొట్టేశాడు. ప్రాజెక్టు రాకపోతే పోనీ అనుకున్నాడు.

శిక్షకుడి పేరు దగ్గర ఎప్పుడూ వేరేవాళ్ల పేరు రాసేవాడు. ఈసారి తన పేరు రాశాడు. దాని కింద ఒక వాక్యం చేర్చాడు.

"రోజూ హాజరులో శిక్షకుడి పేరు కూడా పిలవాలి."