పత్తి మింగే పెట్టె

ఇంట్లో మగ్గం చప్పుడు ఇక వినబడదేమోనన్నదే అంకమ్మ భయం. పాముకీ పిశాచానికీ బెదిరే మనిషి కాదు. మగ్గంలో నాడె అటూఇటూ ఆడకపోతే పొయ్యి మీద ఎసరు పడదు, తను తినకపోతే చంకలో పిల్లకి పాలు పడవు. ఆ భయమే కోపమై, ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆమెని పచ్చడిబండతో సహా వాడరేవు రోడ్డు పక్కనున్న డేరా టాకీసు ముందుకి తెచ్చి నిలబెట్టింది.

డేరా ముందు ఇసకలో చిన్న గదంత రేకుపెట్టె ఉంది. దాని మీద ఎర్ర చక్రాలు, మెరిసే అద్దాలు. ఒక పక్క కన్నంలో పిడికెడు పత్తి వేస్తే, రెండో పక్క సందులోంచి తెల్లటి గుడ్డ నాలుక చాపినట్టు కొంచెం కొంచెంగా బయటికొస్తోంది. టిక్కెట్టు కొన్నవాళ్లకి జేబురుమాలంత ముక్క కత్తిరించి ఇస్తున్నారు. బొమ్మలో సైంటిస్టు కనిపెట్టిన యంత్రం ఇదేనని, మద్రాసు నుంచి తెప్పించామని టాకీసు యజమాని జయరావు మైకులో ఊదరగొడుతున్నాడు.

ఆ బొమ్మ అంకమ్మా చూసింది. గిరజాల జుట్టు సైంటిస్టు నడిచే కుర్చీ చేస్తాడు, ఎగిరే గొడుగు చేస్తాడు. గొడుగు ఎగిరితే ఎవరి కూడూ పోదు గనక అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఆఖర్న ఈ పెట్టె చేస్తాడు. దీన్ని చూసి ముసలి నేతగాడొకడు మగ్గం గుంటలో వెల్లకిలా పడితే డేరా అంతా ఈలలు. పోనీ, తెర మీద ఉన్నంతసేపూ అది అబద్ధమే. రోడ్డు మీదికొచ్చాక నూలిచ్చే షావుకారు దాన్ని నిజం చేశాడు. పెట్టెలే నేస్తున్నాయి, ఇక సగం మజూరీకి ఒప్పుకున్నవాళ్లకే నూలు అని తేల్చేశాడు. అసలే నూలు కరువు. అంకమ్మ మొగుడు రంగయ్య కూలిమగ్గం వెతుక్కుంటూ మంగళగిరి వెళ్లాడు. ఇప్పుడు ఈ సగం మజూరీ కూడా మీదపడితే, అతను తిరిగొచ్చి మాత్రం ఏం నేస్తాడు?

నేతపేటలో మగవాళ్లంతా ఆమె వెనకే వచ్చి కాస్త దూరంగా ఆగారు. ఈ పెట్టెకి మనవాళ్లెవరైనా ఒక్క పోగు అందించినట్టు తెలిసినా వాణ్ణి వెలేస్తామని పెద్దమనిషి చెంచురామయ్య దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

జయరావు మైకు వదిలి వచ్చాడు.

"ఏంటమ్మా, సినిమాకి పచ్చడిబండతో వస్తారా ఎక్కడన్నా?"

"పచ్చడి చెయ్యాల్సింది ఇక్కడుందంటే తెచ్చానండీ."

"ఇది సైన్సు. సైన్సు మీద కోపం తెచ్చుకుంటే ఎలా? రేపు పచ్చడి నూరే మిషనూ వస్తుంది. నీకే సుఖం."

"పాలిచ్చే మిషను ఎప్పుడొస్తుందో చెప్పండి. పిల్లని దానికి అప్పజెప్పి నేనూ హాయిగా మీ బొమ్మలు చూస్తాను."

జనం గొల్లుమన్నారు. జయరావు అడ్డం రాబోయాడు. అంకమ్మ పిల్లని ఎడమ చంకలోకి మార్చుకుని, బండ ఎత్తి రేకు మీద ఒక్కటేసింది.

ఆ మోతకి పిల్ల ఉలిక్కిపడి గుక్కపెట్టింది. సందులోంచి వస్తున్న గుడ్డ టక్కున ఆగిపోయింది. చచ్చింది మిషను అని వెనక నుంచి కేకలు. ఇంకో రెండెయ్యమని ఎవరో ఎగదోశారు. అంకమ్మ పిల్లని భుజాన వేసుకుని జోకొట్టింది. ఏడుపు ఆగింది. గుడ్డ మళ్లీ కదిలింది.

రెండో దెబ్బకి ఆమె ఎత్తిన బండ ఎత్తినట్టే ఉంది. కాసేపు ఆ గుడ్డనే చూసింది. తర్వాత కొంగు చాటున పిల్ల తొడ మీద గిల్లింది.

పిల్ల కెవ్వుమంది. గుడ్డ ఆగింది.

అంకమ్మ బండ దించేసింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించబోయి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది.

"ఆగావేమే?" అన్నాడు చెంచురామయ్య. "పగలగొట్టు. లోపల ఏముందో మేమూ చూస్తాం."

"ఇనప ముక్కలు మావయ్యా. ఇంకేముంటాయి? ఇళ్లకి పదండి."

ఇందాక వినబడిన నోరు ఏ గాలికి కొట్టుకుపోయిందని అతను అడిగాడు. జయరావు బెంచీ టిక్కెట్టు ఆశపెట్టాడా అని ఇంకొకడు ఎత్తిపొడిచాడు. ఆడదాన్ని నమ్మి వచ్చినందుకు తమని తాము చెప్పుచ్చుకు కొట్టుకోవాలన్నారు. అంకమ్మ అన్నీ పడింది. వాళ్లు ఉమ్మేసి వెనక్కి తిరిగి, ఒక్కొక్కరే రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా పెట్టెకి అడ్డంగా నిలబడే ఉంది.

అప్పుడు జయరావు వైపు తిరిగింది. పళ్ల బిగువున వచ్చింది మాట.

"రేకు కాలిపోతోందండీ. దాని మీద నాలుగు తాటాకులైనా కప్పించండి."

"మిషనుకి ఎండేంటమ్మా?" అనబోయి, ఆమె మొహం చూసి జయరావు సగంలోనే మింగేశాడు.

అంకమ్మ ఇంటి దారి పట్టింది. పిల్ల ఏడుపు రోడ్డు మలుపు దాకా వినబడుతూనే ఉంది. అంతసేపూ గుడ్డ కదల్లేదు.

సముద్రపు గాలికని వాడరేవు వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆ డేరా దగ్గర ఒక్క క్షణం ఆగండి. నలుగురి కంటా పడకుండా పెట్టె వెనక్కి వెళ్లి, రేకు మీద మెల్లగా తట్టి, లోపల రంగయ్యకి ఎవరైనా గుక్కెడు మంచినీళ్లిచ్చారో లేదో కాస్త కనుక్కోండి.