బయటివైపు గడియ

మా ఆయన నాలుగో తన్నుకి బాత్రూమ్ గడియ ఊడిపోయింది. లోపల దాక్కున్న నన్ను జుట్టు పట్టి ఈడ్చి గోడకేసి కొట్టాడు.

మర్నాడు వడ్రంగిని పిలిచిందీ ఆయనే. "అద్దెకున్నవాళ్ళం, మనం విరగ్గొట్టింది మనమే బాగుచేయించాలి. ఇంటాయనతో నేను మాట పడను," అన్నాడు.

వడ్రంగి వాచిన నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "లోపలికి తెరుచుకునే తలుపమ్మా. బయటినుంచి తంతే ఊడుతుంది. లోపలినుంచి ఎంత తన్నినా చట్రం ఆపేస్తుంది."

అడక్కుండానే బయటివైపు కూడా ఓ ఇనప గడియ బిగించాడు.

సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళగానే ఆ గడియ వేశాను. తలుపు దడదడలాడుతుంటే వీధిలోకి వచ్చి, తాళంచెవులు ఎదురింట్లో ఉండే ఇంటాయన చేతిలో పెట్టాను.

"ఇల్లు ఖాళీ చేస్తున్నానండీ. పాడైనవన్నీ బాగుచేయించాం. బాత్రూమ్ తలుపు మటుకు మీరే తీసి చూసుకోండి."