పదో పేరు

"కోవిషీల్డ్ ఒక్కటే తెచ్చి, వేయించుకుంటే వేయించుకో అంటే ఎట్టా అక్కా? చీర కొంటేనే పది చూపిస్తారే!"

పెనుగంచిప్రోలు సచివాలయం వరండాలో ఆసిఫా అరుపుకు చంకలోని పసివాడు ఉలిక్కిపడ్డాడు.

"కోవాగ్జిన్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసమ్మా?" అంది ఆశా వర్కర్ బేబి. "సీసా మూత తీస్తే పదిమందికి వెయ్యాలి, లేకపోతే మిగిలింది పారబొయ్యాలి. తొమ్మిదిమందే ఉన్నారు. నువ్వొస్తే నర్సమ్మ మొదలుపెట్టుద్ది."

"మీ లెక్క నిండటానికి నా ఒళ్లు కావాలా? పాలిచ్చేదాన్ని. నాకేమన్నా అయితే వీణ్ణెవరు చూస్తారు?"

"ఏం కాదులే."

"కాదని నీకెట్టా తెలుసు? నువ్వేది వేయించుకున్నావ్?"

బేబి చేతిలోని పేర్ల కాగితం వంక చూసింది. వరండాలో అందరూ చెవులు రిక్కించారు.

"ఏదీ లేదు," అంది మెల్లగా. "ముందు మాకే ఇస్తామన్నప్పుడు జొరమని తప్పించుకున్నా. భయమేసింది."

ఆసిఫాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజులుగా టీకా వేయించుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి!

"సిగ్గులేదా అక్కా నీకు?"

బేబి కాగితం మీద పదో పేరు తనదే రాసుకుని, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. నర్సు సీసా మూత తీసింది. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంటూ బేబి సూది వంకే చూస్తోంది.

ఆసిఫా విసురుగా వెళ్లి ఆమె రెండో చెయ్యి పట్టుకుంది. తను కడుపుతో ఉన్నప్పుడు ప్రతి సూదికీ బేబి చెప్పిన మాటే, కోపం తగ్గకుండానే, తిరిగి చెప్పింది.

"సూది వంక చూడకు. నా వంక చూడు."