తెర మీది చుక్కలు

“ఈ సీడీ ఎక్కడిదమ్మా?” జ్ఞానప్రకాశం అడిగాడు.

“ఈ ఊళ్లో నెట్ సెంటర్ది సార్. సినిమా వచ్చి మూడు దినాలు కాలే, అప్పుడే నెట్‌లో పెట్టినారు. దింపి ఇమ్మంటే ఇచ్చినారు,” అంది నాగమణి, ఒళ్లో నిద్రపోతున్న పాపను సర్దుకుంటూ.

జ్ఞానప్రకాశం సినిమావాళ్లు పంపిన మనిషి. దొంగ కాపీలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టడం అతని పని. నంద్యాల లాడ్జిలో దిగాడని తెలిసి, ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సెక్కి వచ్చింది నాగమణి.

“నిరుడు మా నాయన్ను పట్టిచ్చింది మీరే గదా. మద్దిలేటి. ఆళ్లగడ్డ థియేటర్లో ఆపరేటరు.”

అతను తలెత్తాడు. “గుర్తుంది. కాపీ తీయించింది ఆయనేనని ఓనరే చెప్పాడు.”

“ఆ ఓనరు కరుణాకర్ తన మీదికి రాకుండా చెప్పినాడు, మీరు నమ్మినారు. ఇరవై ఏండ్లు ఆ మిషన్ కాడ ఉడికిన మనిషిని, ఆట ఇడిచే టయానికి, జనం ముందర చొక్కా పట్టుకోని ఈడ్చినారు. ఆ పొద్దు నుంచి గడప దాటలే. అన్నం పెడితే గోడ తట్టు తిరిగి తింటాడు.” జారుతున్న పాప దుప్పటిని పైకి లాగింది. “ఇప్పుడు మా నాయన ఆడ లేడు. మరి ఈ కాపీ యాడ తీసినారో చూడు సార్.”

అతను సీడీని కంప్యూటర్లో వేశాడు. కాసేపటికి బొమ్మ ఆపి, ఒక మూల వేలు పెట్టాడు. సన్నని చుక్కలు.

“ఏందీ సార్, దుమ్మా?”

“కాదు. ఈ ఏడే మొదలుపెట్టాం. ఒక్కో ప్రింటు మీద ఒక్కో తీరుగా చుక్కలు కొడతాం. తెర మీది బొమ్మను కెమెరాతో ఎవరు తీసినా అవీ వెంట వస్తాయి.” ఏ ప్రింటు ఏ థియేటర్‌కు వెళ్లిందో రాసిన కాగితాల మీద నడుస్తున్న అతని వేలు ఆగింది. “ఆళ్లగడ్డ. కరుణాకర్ థియేటరే.”

“అనుకుంటి.”

“గేటు దగ్గర ప్రతివాడి జేబూ తడుముతున్నానని నాకు ఒట్టేశాడే!”

“యజమాని కన్ను మూసుకుంటే గేటేం చేస్తాది సార్.”

అతను ఫోనందుకున్నాడు. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడి పెట్టేశాడు. “ఇక ఆ థియేటర్‌కు ఒక్క ప్రింటు పోదు. కేసూ పెడతాం. మీ నాన్న తప్పేం లేదని రాసిస్తాను.”

“పెద్దచ్చరాలతో రాయి సార్. ఆ థియేటర్ గోడకే అతికిస్తా.”

ఇంకేమైనా దొరుకుతుందేమోనని బొమ్మను మళ్లీ నడిపిస్తూ రాశాడతను. ఉన్నట్టుండి హీరో మాటల మీద చంటిబిడ్డ ఏడుపు గట్టిగా వినిపించింది.

“కెమెరాకు ఆనుకుని ఎవరో బిడ్డతల్లి కూర్చున్నట్టుంది. ఆమె దొరికితే తీసిందెవరో తెలిసిపోతుంది.”

“బిడ్డల ఏడుపులన్నీ ఒగటే సార్. యాడని ఎతుకుతావ్?” కాగితం మడిచి పాప దుప్పట్లో దోపుకుంది నాగమణి.

ఆ ఏడుపు ఈ పాపదే. కెమెరా గేటు దాటింది ఈ దుప్పట్లోనే.