భుజాల కొలత

విశాఖలోని ఆ సర్వర్ల హాలులో మనిషన్నది నూకరత్నం ఒక్కతే. యంత్రాల కోసం పెట్టిన చలికి తట్టుకోలేక, భోజనాల వేళ వీడియో చూస్తూ ఊలు స్వెట్టర్ అల్లడం నేర్చుకుంటోంది. కుట్టు జారితే వీడియోలోని టీచరమ్మే ఆగి సరిదిద్దుతుంది. ఆమె కూడా యంత్రమే.

"వెనక నుంచి భుజాల కొలత కావాలమ్మా. టేపు రెండో కొస ఎవరినైనా పట్టుకోమను," అంది టీచరమ్మ.

నూకరత్నం ఫోను కెమెరాకి కనబడకుండా పక్కకెళ్లి, టేపు కొసను తలుపు సందులో ఇరికించింది. ఒక భుజం అక్కడ ఆనించి, రెండో భుజం దాకా లాగి చూసింది.

"పదారండి."

"ఎవరు పట్టుకున్నారు?"

"మా సెల్లండి," అంది తోడబుట్టినవాళ్లెవరూ లేని నూకరత్నం.

"తనకీ ఒకటి అల్లుదామా?"

నూకరత్నం తలుపు సందులోంచి టేపు లాగి చుట్టింది.

"అల్లుదామండి. దానికి నీలం రంగంటే ఇష్టం," అని, ఆ చెల్లికి ఏం పేరు పెట్టాలా అనుకుంటూ సూదులు అందుకుంది.