గుడ్ల గుంటలు చూపించిందెవరు?

అడవి చెరువులో తాబేళ్ళు తగ్గిపోతుంటే, అవి గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో కనిపెట్టే పని బాగా చదువుకున్న కొంగ పంతులుకి అప్పజెప్పారు. గుడ్లేమో ఇసుక లోపల, పంతులు చూపేమో పైపైన. మరెలా? గట్టు మీద బొరియలో కాపురముండే చుంచెలుక వాసన పట్టి, మూడేళ్ళపాటు ఒక్కో గుంటా చూపించింది. పంతులు ఆకుల మీద గుర్తులు పెట్టుకున్నాడు.

పంతులు కనిపెట్టింది చదివి వినిపించే సభ రోజున, కంపు కొడుతోందని చుంచెలుకని దూరంగా నిలబెట్టేశారు. పంతులు చూసి కూడా చూడనట్టు ముందుకి నడిచాడు.

"గట్టంతా తాబేళ్ళకే వదలాలి. బొరియలున్నవాళ్ళు ఖాళీ చేయాలి," అని చదివాడు. అందరూ శభాష్ అన్నారు.

ఏనుగు తాత మాత్రం, "ఇసుకలో గుడ్లు నీకెలా కనిపించాయయ్యా, పంతులూ?" అన్నాడు.

ముందుగా ఖాళీ చేయాల్సిన బొరియ ఎవరిదో పంతులుకి అప్పుడు తట్టింది. "చూపించింది చుంచెలుక, తాతా. ఆమెని అడక్కుండా ఇది రాయకూడదు. తప్పు నాదే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయితే ఆ తల్లి పేరు చెప్పు, నీ పేరు పక్కన రాద్దాం."

పంతులుకి ఆమె పేరు తెలియదు. సభంతా చూస్తుండగా ఆమె దగ్గరికి నడిచి, "నీ పేరేమిటమ్మా?" అని అడగాల్సి వచ్చింది.

"మూడేళ్ళుగా 'ఏయ్' అంటే పలుకుతున్నాను కదండీ," అంది చుంచెలుక. "అదే రాసేయండి."